స్వకోరిక ధ్రువపత్రం

నూకరత్నం కాజాల కొట్టుకి ఇంకా పదకొండు రోజుల ఆయుష్షే ఉందని ఆవిడకి చెప్పిన మనిషి, ఆ మాట చెప్పడానికి ముందు రెండు కాజాలు తిన్నాడు.

అతను సోమరాజుపేట పురపాలక సంఘంలో శానిటరీ ఇన్‌స్పెక్టరు. పేరు తాతబ్బాయి. పొద్దున పది గంటలకి కొట్టు ముందు మోటారు సైకిలు ఆపి, ఎప్పటిలాగే బల్ల మీద కూర్చుని, ఎప్పటిలాగే చెయ్యి చాపాడు. పాకంలోంచి అప్పుడే తీసిన కాజాలు రెండు ఆకులో పెట్టి ఇచ్చింది నూకరత్నం. అవి తినేసి, వేళ్ళు చీకి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఏటండిది?"

"నోటీసు. నన్ననకు అక్కా, పైనుంచొచ్చింది."

నూకరత్నం ఏడో తరగతి దాకా చదువుకుంది. ఆ చదువు మామూలు తెలుగుకి సరిపోయేది. ఈ తెలుగు వేరు.

'విషయము: పౌరుల ప్రేగులందు నివసించు సూక్ష్మజీవులకు మిఠాయి విక్రయించుట గురించి. పై విషయమై తమకు తెలియజేయునది ఏమనగా, తీపి తినవలెననెడి కోర్కె పౌరునిది కాదనియు, అతని ప్రేగులందు అనుమతి లేకుండా నివసించు సూక్ష్మజీవులదనియు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. సదరు సూక్ష్మజీవులు ఓటర్ల జాబితాలో గాని, ఇంటి పన్ను రిజిస్టరులో గాని నమోదు కాలేదు. కావున తమరు ఇన్నాళ్ళుగా మిఠాయి అమ్ముచున్నది గుర్తింపు లేని ప్రాణులకని భావించవలసి వచ్చుచున్నది. తమ కొనుగోలుదార్ల కోర్కె వారి సొంతమేనని ఈ నెల ముప్పయ్యవ తేదీలోగా రుజువు చేయనిచో తమ లైసెన్సు పునరుద్ధరించబడదు.'

ఆవిడ రెండుసార్లు చదివింది. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది ఒక్కటే: లైసెన్సు. ఇరవై రెండేళ్ళ క్రితం మొగుడు పోయాక రెండు బాణళ్ళతో మొదలుపెట్టిన కొట్టు అది. ఇవాళ ఐదుగురు ఆడవాళ్ళు అక్కడ పిండి మడిచి, పాకం పట్టి, ఐదు సంసారాలు నడుపుకుంటున్నారు. కొట్టున్న గది పురపాలక సంఘానిది. లైసెన్సు పోయిన రోజునే గదీ పోతుంది. గది పోతే ఆవిడకి మిగిలేవి ఆ బాణళ్ళే.

ఈ ఉపద్రవానికి మూలం కమిషనర్ చక్రధర్ గారు వెళ్ళొచ్చిన ఐదు రోజుల శిక్షణ. చల్లటి కొండ ఊళ్ళో, మంచి హోటల్లో, ప్రభుత్వం వారి ఖర్చు మీద జరిగింది. నాలుగు రోజులు ఆయన నిద్రపోయారు. ఐదో రోజు ఒక శాస్త్రవేత్త వచ్చి పేగుల గురించి గంటసేపు మాట్లాడాడు. మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. మనం ఏం తింటే వాటికి అదే తిండి. తిండి మారిస్తే కొద్ది రోజుల్లోనే వాటిలో ఏ రకం పెరగాలో, ఏ రకం తగ్గాలో మారిపోతుంది. మనకి ఏం తినాలనిపిస్తుందన్న దాంట్లో వాటి చెయ్యి కూడా కొంత ఉంటే ఉండవచ్చు. ఎలకల మీద కొన్ని పరీక్షలు చేశారు, మనుషుల సంగతి ఇంకా తేలాలి. ఇదీ ఆ శాస్త్రవేత్త చెప్పింది. గంటలో పదిహేడుసార్లు 'కావచ్చు' అన్నాడు. కమిషనర్ గారి నోటు పుస్తకంలో ఆ మాట ఒక్కచోటా లేదు. ఎలకలూ లేవు.

తిరిగొచ్చిన మర్నాడే ఆయన సిబ్బంది అందరినీ సమావేశపరిచారు. ఈ ఊరిని తాము పరిపాలిస్తున్నామని ఇన్నాళ్ళూ భ్రమపడ్డామనీ, నిజానికి పరిపాలిస్తున్నవి పేగులనీ, ఈ పరాయి పాలనకి చరమగీతం పాడే మొదటి పట్టణంగా సోమరాజుపేట చరిత్రకెక్కుతుందనీ ప్రకటించారు. సిబ్బంది చప్పట్లు కొట్టారు. వారిలో సగంమందికి ఎందుకు కొడుతున్నారో తెలియదు. మిగతా సగంమందికి పదోన్నతులు దగ్గర్లో ఉన్నాయి.

నూకరత్నం ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. కొనేవాళ్ళ కోరిక వాళ్ళదేనని రుజువు కావాలి, అంతేకదా. రోజూ వచ్చేవాళ్ళలో ఆరుగుర్ని వెంటబెట్టుకుని మర్నాడే ఆఫీసుకి వెళ్ళింది. జనన నమోదు బల్లకీ మరణ నమోదు బల్లకీ మధ్య ఖాళీ ఉన్న చోట కొత్త బల్ల వేసి, 'కోర్కెల విచారణ విభాగం' అని బోర్డు పెట్టారు. దాని వెనక సీనియర్ అసిస్టెంటు కామేశం కూర్చుని ఉన్నాడు. స్వకోరిక ధ్రువపత్రం కావాలంటే మూడు ప్రతుల్లో దరఖాస్తు, రెండు ఫొటోలు, ఒక సీసాలో నమూనా ఇవ్వాలన్నాడు. ఏ నమూనా అని ఒకాయన అడిగితే, పేగుల్లోంచి వచ్చేది ఏదైతే అది అని హుందాగా జవాబిచ్చాడు. సీసాలు గోదాములో భద్రపరుస్తారు. పరీక్షించడానికి మైక్రోస్కోపు ఒకటే ఉంది, దాన్ని మలేరియా విభాగం వాళ్ళు రెండేళ్ళ కిందట పట్టుకెళ్ళారు. కాబట్టి ప్రస్తుతానికి సీసా మీద చీటీ సరిగ్గా అంటించారా లేదా అన్నదే పరీక్ష.

అసలు పరీక్ష వేరే ఉంది. దరఖాస్తుదారు మూడు రోజులు తీపి ముట్టకూడదు. నాలుగో రోజు వచ్చి, ఇంకా తినాలనిపిస్తోందో లేదో చెప్పాలి.

"అనిపిస్తే?" అని అడిగారు పల్లంరాజు గారు. ఆయన రిటైరైన పోస్టుమాస్టరు. పదకొండేళ్ళుగా సాయంత్రం నాలుగింటికి ఒక కాజా తినడం ఆయన అలవాటు.

"మూడు రోజులు మానినా పీకుతోందంటే అది సూక్ష్మజీవుల కోరికేనని తేలిపోయినట్టండి. ధ్రువపత్రం ఇవ్వం."

"అనిపించకపోతే?"

"కోరికే లేనప్పుడు ధ్రువపత్రం దేనికండీ?"

ముప్ఫై ఏళ్ళు ప్రభుత్వ కొలువు చేసిన మనిషి కాబట్టి పల్లంరాజు గారు ఆ జవాబులోని పనితనాన్ని వెంటనే గుర్తించి, మెచ్చుకోలుగా తల ఊపారు. నూకరత్నానికి ఇంకో నిమిషం పట్టింది.

"అంటే ఎవురికీ ఇవ్వరన్నమాట."

"ఇవ్వమని ఎక్కడా లేదమ్మా. అర్హులుంటే ఇస్తాం," అన్నాడు కామేశం.

నాలుగో రోజు ఐదుగురు నిజం చెప్పారు. తినాలనిపిస్తోందన్నారు. ఐదు దరఖాస్తుల మీదా 'పరాధీనుడు' అని ఎర్ర ముద్ర పడింది. పల్లంరాజు గారు తన అనుభవమంతా రంగరించి, కొంచెం అనిపిస్తోందన్నారు. ఆ కొంచెంలో సూక్ష్మజీవుల వాటా ఎంతో, తన వాటా ఎంతో విడదీసి, తగిన ఆధారాలతో తిరిగి సమర్పించమని ఆయన ఫైలు వెనక్కి వచ్చింది.

ఆ సరికి ఈ జబ్బు ఆఫీసు నిండా పాకింది. ఎవరేం అడిగినా, అడిగింది ఎవరన్న ప్రశ్న ముందు తేల్చాల్సి వచ్చింది. ఒక గుమాస్తా సెలవు కోరితే, విశ్రాంతి కోరుతున్నది తానో తన పేగులో స్పష్టపరచమన్నారు. ఒకాయన మేడ మీద ఇంకో గది వేసుకుంటానంటే, ప్లాను పక్కన పెట్టి వారం రోజుల భోజనం వివరాలు అడిగారు. పెళ్ళి నమోదుకి వచ్చిన జంటలో పెళ్ళికొడుక్కి జిలేబీ అంటే ఇష్టమని సాక్షి నోరు జారాడు. ఆ పెళ్ళి ఇంకా పెండింగులో ఉంది.

అసిస్టెంట్ ఇంజినీరు నరసరాజు సంగతి అన్నిటికన్నా ముచ్చటైనది. కాలవ పనుల కాంట్రాక్టరు ఇచ్చిన కిలో పాలకోవా, దాని అడుగున ఉన్న కవరు సహా, అందరూ చూస్తుండగా పుచ్చుకుంటూ దొరికిపోయాడు. సంజాయిషీలో ఒకటే వాక్యం రాశాడు: 'చేయి చాచినది నేనే అయినను, చాపించినది నేను కాను.' కమిషనర్ గారు చదివి చలించిపోయారు. ఒక అధికారి తన పరాధీనతను ఇంత నిజాయితీగా ఒప్పుకోవడం సర్వీసులో చూడలేదన్నారు. నరసరాజు మీద చర్య ఉపసంహరించి, అతని పేగుల్లోని సూక్ష్మజీవులను తీవ్రంగా మందలిస్తూ మెమో జారీ చేశారు. వాటికి విడిగా చిరునామా లేదు కాబట్టి ఆ మెమోని నరసరాజే అందుకుని, చదివి వినిపించినట్టుగా సంతకం పెట్టాడు. పాలకోవా మాత్రం వెనక్కి ఇవ్వలేదు. అది అప్పటికే అసలు గ్రహీతలకి చేరిపోయింది.

నూకరత్నం చేతిలో ఇంక ఆరు రోజులున్నాయి. ఆవిడ తిన్నగా మున్సిపల్ ఆసుపత్రికి వెళ్ళి డాక్టర్ షహనాజ్‌ని కలిసింది. నోటీసు చదువుతూ డాక్టరమ్మ మొదట నవ్వింది. తర్వాత కమిషనర్ గారి సంతకం చూసి మానేసింది.

కోరికల మీద ఆ సూక్ష్మజీవుల ప్రభావం ఉందో లేదో, ఉంటే ఎంతో, ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయని ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఉన్నా అది పదింటిలో ఒకటి. ఆకలి, అలవాటు, నిద్ర చాలకపోవడం, మనసు బాగోకపోవడం, ఎదురుగా వేడి కాజా కనబడటం, ఇవన్నీ లేవా? పైగా మనం తిన్న పంచదార చాలా మటుకు చిన్న పేగుల్లోనే ఒంటికి పట్టేస్తుంది. ఆ సూక్ష్మజీవుల పెద్ద బస్తీ ఉన్నది పెద్ద పేగులో. అక్కడిదాకా వెళ్ళేది పీచు. ఆకుకూరలు, పప్పులు, తవుడు, వాటికి అసలు భోజనం అదీ. వాటిలో మనకి మేలు చేసేవే ఎక్కువ. అందుకే కూరలు బాగా తినమనేది. తీపి తగ్గించమనేదీ నిజమే, కానీ దానికి పోలీసులక్కర్లేదు.

"నువ్వు కూడా తగ్గించు రత్నమ్మా," అని చివర్న ఒక ముక్క కలిపింది డాక్టరమ్మ.

"నేను తిననండీ. రోజంతా వాసన చూసి చూసి మొహం మొత్తిపోయింది."

డాక్టరు చెప్పిందంతా కాగితం మీద రాయించుకుని, మురిసిపోతూ తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చింది నూకరత్నం. కమిషనర్ గారు ఆ కాగితంలో ఒక్క వాక్యం కింద ఎర్ర గీత గీశారు: 'వాటి ప్రధాన ఆహారం పీచు.'

మర్నాడు పొద్దున నూకరత్నం కొట్టుకి ఎదురుగా కూర్చుని ఆకుకూరలు అమ్మే లోవతల్లి, చేతిలో కాగితం పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది.

"నీకొచ్చిన కాగితం నాకూ అంటించేవేటే రత్నం? తోటకూర అమ్మితే శత్రువుకి రేషను అందించినట్టంట. చదివి చెప్పేడు తాతబ్బాయి. గోంగూర కట్టలు నాలుగు సాక్ష్యానికని పట్టుకెళ్ళేడు."

డాక్టర్ షహనాజ్‌కి కూడా మెమో వచ్చింది. సూక్ష్మజీవులలో మేలు చేసేవి ఉన్నాయని వ్రాతపూర్వకంగా పేర్కొనుట ద్వారా వాటి పట్ల సానుభూతి వ్యక్తపరచినందుకు సంజాయిషీ కోరారు. మిఠాయి నోటీసు మాత్రం అలాగే ఉంది. ఆకుకూర శత్రువుకి భోజనమైతే కాజా ఫలహారమనీ, రెండూ ఆపాల్సిందేననీ కమిషనర్ గారి అభిప్రాయం.

ఆ ఆఫీసులో నిజం తీసుకెళ్ళి ఇస్తే ఏమవుతుందో నూకరత్నానికి అప్పుడు తెలిసింది. ఇంకెవరి కొంప అంటుకుంటుందో అన్న భయంతో, ఇరవై ఎనిమిదో తేదీన విచారణకి ఒట్టి చేతులతో వెళ్ళింది.

విచారణ సంఘంలో ఐదుగురు. మధ్యలో కమిషనర్ గారు. కుడివైపు ఇంజినీరు నరసరాజు, ఈ విషయంలో ప్రత్యక్ష అనుభవమున్న నిపుణుడి హోదాలో. ఎడమవైపు ఇద్దరు వార్డు సభ్యులు. చివర్న రాసుకోవడానికి కామేశం. కమిషనర్ గారు ఉపోద్ఘాతం మొదలుపెట్టి, మానవుడు, మానవుడి స్వేచ్ఛ, స్వేచ్ఛకి పేగుల వల్ల కలిగిన అంతరాయం దాకా వచ్చేసరికి ముప్పావుగంట అయింది. అప్పుడు బంట్రోతు టీలూ, పళ్ళెంలో ఉప్పు బిస్కెట్లూ తెచ్చాడు. తీపివి నిషేధం.

నూకరత్నం గోడవార నిలబడి చూస్తోంది. వార్డు సభ్యుడొకాయన వద్దు వద్దంటూ చెయ్యి అడ్డం పెట్టాడు. పక్కాయన భలేవారే పుచ్చుకోండన్నాడు. ఇప్పుడే తిని వచ్చానని ఈయన. నా మాట కాదంటారా అని ఆయన. ఈయన తీసుకున్నాడు. తీసుకున్నాక ఆయనకి ఇచ్చాడు. ఆయన వద్దన్నాడు. పళ్ళెం అలా ఐదుగురి ముందూ ఆగుతూ వద్దనిపించుకుంటూ వెళ్ళి, చివరికి ఖాళీ అయింది. ఇరవై రెండేళ్ళుగా తన కొట్టు ముందు, ఈ ఊళ్ళో ప్రతి పెళ్ళిలో, ప్రతి పేరంటంలో ఆవిడ చూసింది ఇదే. ఆవిడకి ఒళ్ళు ఒక్కసారి తేలికైపోయింది.

"అయ్యా, ఒక్క మాట అడగనాండి? ఇప్పుడు తవరు ఆ బిస్కట్టు తిన్నారు. తినాలనిపించాండి?"

వార్డు సభ్యుడు నోట్లోది మింగాడు. "లేదమ్మా. ఆయన అంతలా అంటుంటే బాగోదని. మొహమాటానికి తిన్నా."

"మరి నా కొట్టుకొచ్చేవోళ్ళూ అంతేనండి. ఎవురికీ తినాలని ఉండదండి. ఇంటికి చుట్టాలొచ్చేరనీ, పక్కింటోళ్ళు సారె పంచేరు మనం పంచాపోతే ఏం బాగుంటాదనీ కొంటారండి. పెట్టేవోళ్ళు మొహమాటానికి పెడతారు, తినేవోళ్ళు మొహమాటానికి తింటారు. మజ్జిలో ఆ పురుగులెక్కడున్నాయండి?"

నరసరాజు అనుభవజ్ఞుడిలా కణతలు రుద్దుకున్నాడు. కమిషనర్ గారు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. శిక్షణలో ఆ శాస్త్రవేత్త మొహమాటం గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. 'మొహమాటము అనునది కేవలము మానవ లక్షణము. సూక్ష్మజీవులకు మొహమాటము కలదని ఇప్పటివరకు ఏ పరిశోధనలోను తేలియున్నది కాదు. కావున మొహమాటము చేత స్వీకరించబడు మిఠాయి, పౌరుడు సంపూర్ణ స్వాధీనతతో స్వీకరించినదిగా పరిగణించబడును.' దీని కింద ఏడు నిబంధనలు. కొనడానికి వచ్చినవాడు నోరు తెరిచి అడగకూడదు. అడిగితే అది కోరిక. కొట్టువాళ్ళే పుచ్చుకోమనాలి. అతను బయటికి వినబడేలా వద్దనాలి. అలా మూడుసార్లు. ఒకసారి వద్దనడం అలవాటు, రెండోసారి మర్యాద, మూడోసారి అన్నాక కూడా తీసుకుంటే అది స్వచ్ఛమైన మొహమాటమని సంఘం నిర్ధారించింది. మూడో వద్దు తర్వాత కొట్టువాళ్ళు తప్పనిసరిగా ఇవ్వాలి. ఇవ్వకపోతే పౌరుడి మొహమాటాన్ని అవమానించినట్టు, లైసెన్సు రద్దు. పుచ్చుకున్నవాడు ఒకటైనా అక్కడే నోట్లో వేసుకోవాలి. వద్దులను శానిటరీ ఇన్‌స్పెక్టరు దగ్గరుండి రిజిస్టరులో గీతలుగా నమోదు చెయ్యాలి. రెండు రోజులు ఇలా సక్రమంగా నడిచినట్టు కమిషనర్ గారు స్వయంగా పరిశీలించి తృప్తి చెందితే, ముప్పయ్యో తేదీన లైసెన్సు మీద సంతకం పెడతారు.

ఆకుకూరలకి ఈ సౌకర్యం వర్తించదు. మొహమాటానికి తోటకూర కొనేవాళ్ళు ఎవరూ ఉండరని సంఘం ఏకగ్రీవంగా అభిప్రాయపడింది.

నూకరత్నం లోవతల్లిని పిలిచి కొట్టు ముందు నిలబెట్టింది. నిబంధనల ప్రకారం బతిమాలడానికి ఒక మనిషి కావాలి. ముప్ఫై ఏళ్ళుగా నడిచిపోయే జనాన్ని ఆపి ఆకుకూరలు కొనిపించిన లోవతల్లి కన్నా ఆ పనికి తగినవాళ్ళు ఆ వీధిలో లేరు.

మొదటి రోజు ఊరు కొంచెం తడబడింది. రెండుసార్లు వద్దని మూడోసారి చెయ్యి చాపినవాళ్ళని తాతబ్బాయి వరస చివరికి పంపాడు. ఒక పెద్దావిడ అలవాటు కొద్దీ నాలుగోసారి కూడా వద్దంది, దానికి నిబంధన ఏమిటో ఎవరికీ తెలియక ఆవిడకి రెండు కాజాలిచ్చారు. రెండో రోజుకి అందరికీ పట్టుబడిపోయింది. నిజానికి ఎవరూ కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. పల్లంరాజు గారు నాలుగింటికి వచ్చి, "వద్దమ్మా, వద్దమ్మా, వద్దమ్మా," అని పోస్టాఫీసు ముద్ర కొట్టినట్టు మూడుసార్లూ ఒక్క గుక్కలో అనేసి, తన కాజా తను తినేసి వెళ్ళారు.

ముప్పయ్యో తేదీ సాయంత్రం ఐదింటికి జీపు ఆగింది. కమిషనర్ గారు దిగారు. వెనక కామేశం, చంకలో ఫైలు, ఫైల్లో సంతకం కోసం లైసెన్సు. వీధి వీధంతా పనులు మానుకుని నిలబడింది. లోపల ఐదుగురు ఆడవాళ్ళు పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చారు.

కమిషనర్ గారు బాగా చిక్కిపోయి ఉన్నారు. శిక్షణ నుంచి వచ్చిన రోజునే తీపి మానేశారు. డాక్టరు కాగితం చదివిన రోజు కూరలూ పప్పూ కూడా మానేశారు. శత్రువుకి ఏ రకంగానూ తిండి అందకూడదని గంజీ, మజ్జిగ తేటా తాగుతున్నారు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. అయినా నడకలో గెలిచినవాడి దర్జా ఉంది. రిజిస్టరు తిరగేశారు. కొట్టు ముందు వేలాడదీసిన బోర్డు మీది నిబంధనలు ఏడూ పైకి చదివారు. తృప్తిగా తల ఊపి, కామేశం వైపు చెయ్యి చాపబోయారు.

కానీ అప్పటికి ఆయన నిలబడ్డ చోటు సరిగ్గా బల్ల ముందు. అక్కడ ఎవరు నిలబడ్డా అడగమని లోవతల్లికి చెప్పారు. కమిషనర్లని అడగొద్దని ఎవరూ చెప్పలేదు.

"ఒక్క కాజా పుచ్చుకోండి బాబూ."

"వద్దు," అన్నారు కమిషనర్ గారు, ఆవిడ వైపు చూడకుండానే. తాతబ్బాయి రెండు రోజుల అలవాటు కొద్దీ ఒక గీత గీశాడు.

"వేడివేడిదండి. మీకోసమే తీసేరు."

"వద్దని చెప్పాను కదా." రెండో గీత.

నూకరత్నం కళ్ళతో వారించింది. లోవతల్లి అటు చూడలేదు. పనిలో దిగితే ఎటూ చూడని మనిషి.

"మా మీద ఒట్టు. ఒక్కటంటే ఒక్కటి."

"నాకు వద్దు." కమిషనర్ గారి గొంతు గట్టిగానే లేచింది. వీధి చివరిదాకా వినబడింది. మూడో గీత.

పొయ్యి మీద పాకం ఉడుకుతోంది. నూకరత్నం బోర్డు వైపు చూసింది. మూడో వద్దు తర్వాత ఇవ్వకపోతే లైసెన్సు రద్దు. ఇస్తే, సంతకం పెట్టాల్సిన ఈ మనిషికి కోపమొస్తుంది. ఇరవై రెండేళ్ళ కొట్టు ఆ రెండింటి మధ్యా ఊగుతోంది. ఆవిడ ఆకు తీసింది. దాని మీద కాజా పెట్టింది. కమిషనర్ గారి ముందుకి చాపింది.

"ఏమిటిది?"

"రూలండి. మూడయ్యేయి."

"నేను నిజంగానే వద్దన్నాను."

"నిజంగా వద్దన్నోళ్ళెవురో, మొహమాటానికి వద్దన్నోళ్ళెవురో చూసి ఇమ్మని తవరి కాగితంలో లేదండి."

కమిషనర్ గారు కామేశం వైపు తిరిగారు. కామేశం ఫైలు తీసి, ఉత్తర్వు మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాడు. "లేదు సార్," అన్నాడు. "పైగా ఇప్పుడు తమరు పుచ్చుకోకపోతే ఉత్తర్వు ఉల్లంఘన కిందికి వస్తుంది సార్. తమరిదే ఉత్తర్వు."

తన ఉత్తర్వుని తానే ఉల్లంఘించిన అధికారిగా చరిత్రకెక్కడం చక్రధర్ గారికి ఇష్టం లేదు. కాజా అందుకున్నారు. మందు మింగేవాడిలా మొహం పెట్టి కొరికారు. పైపొర పటపటమంది. లోపలి పాకం జర్రున నాలుక మీదికి దిగింది. ఐదు రోజుల గంజి మీద, మజ్జిగ తేట మీద దిగింది. నమలడం ఆగిపోయింది. ఆ ముఖంలో ఉత్తర్వులు, సూచికలు, జతపరచిన కాగితాలు ఒకదాని తర్వాత ఒకటి చెరిగిపోవడం వీధంతా చూసింది. తర్వాత మళ్ళీ నమిలారు, చాలా నెమ్మదిగా, ఒక్క ముక్క కూడా వృథా పోకుండా. ఆకు మీద మిగిలిన పాకం వేలితో తీసి నాకారు.

ఫైలు ఇటివ్వమన్నారు. సంతకం పెట్టారు. కామేశం ముద్ర వేశాడు. నూకరత్నం ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, ఆరేదాకా ఊదింది. గుమ్మంలో ఐదుగురూ ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకున్నారు. అక్కడితో పనైపోయింది. డ్రైవరు జీపు తలుపు తెరిచాడు.

కమిషనర్ గారు కదల్లేదు.

"ఇంకొకటి," అన్నారు.

"అడిగితే ఇవ్వకూడదండి," అంది నూకరత్నం వినయంగా.

ఆయన కామేశం వైపు చూశారు. కామేశం ఆకాశం వైపు చూశాడు. ఆయన బోర్డు వైపు చూశారు. దాని కింద ఉన్నది ఆయన సంతకమే. గొంతు సవరించుకున్నారు. లోవతల్లి బల్ల మీద ఇంకో ఆకు పరిచి, పుచ్చుకోండి బాబూ అంది.

"వద్దు," అన్నారు కమిషనర్ గారు.

తాతబ్బాయి పెన్సిలు మొన సరిచేసుకున్నాడు. దీపాలు పెట్టే వేళకి జీపు వెళ్ళిపోయాక పల్లంరాజు గారు రిజిస్టరు తీసుకుని చూశారు. కమిషనర్ గారి పేరుకి ఎదురుగా ఇరవై ఏడు గీతలున్నాయి. తొమ్మిది కాజాలు. రికార్డు ప్రకారం అందులో ఒక్కటీ ఆయన కావాలని తిన్నది కాదు.